ఏ పేజీ చింపమంటారు సార్?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర పడితే రైతు దలాలిని తిడతాడు. దలాలి మిల్లువాణ్ని తిడతాడు. మిల్లువాడు బొంబాయి బజారును తిడతాడు. ఈ వరసలో ఎక్కడో ఒకచోట అసలు తప్పు చేసినవాడు ఉండే ఉంటాడు కాబట్టి తిట్టు పూర్తిగా వృథా పోదు. హైదరాబాదులో, ఢిల్లీలో కూర్చున్న పెద్దలకు ఇంత వెతుకులాట అక్కర్లేదు. పాలన పడకేసినప్పుడల్లా నేరుగా రాజ్యాంగాన్నే తిడతారు. అది తిరిగి తిట్టదు. పరువునష్టం దావా వేయదు. సాయంత్రానికి ప్రెస్‌మీట్ పెట్టి ఖండించదు. రాసినవాళ్లంతా ఎప్పుడో కాలం చేశారు. ఇంత అనువైన ముద్దాయి ఇంకెక్కడ దొరుకుతాడు?

2022 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వచ్చింది. ఆ రోజే ప్రగతి భవన్‌లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు విలేకరులను పిలిచి బడ్జెట్‌ను ఉతికి ఆరేశారు. ఆ ఊపులోనే దేశానికి కొత్త రాజ్యాంగం కావాలన్నారు. బడ్జెట్ నచ్చనివాడు కొత్త బడ్జెట్ అడుగుతాడని మనబోటి అమాయకులం అనుకుంటాం. పెద్ద నాయకులు చిన్న కోరికలు కోరరు. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న అదే నాయకుడి చేతుల మీదుగా హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరణ జరిగింది. కొత్త సచివాలయానికీ ఆయన పేరే పెట్టారు. అంటే, రాసినాయన ఉండాలి, రాసింది పోవాలి. ఇటు విజయవాడ వెనకబడుతుందా? 2024 జనవరి 19న జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం 81 అడుగుల పీఠం కట్టి, దానిమీద ఇంకో 125 అడుగుల విగ్రహం నిలబెట్టింది. విగ్రహం ఎంత ఎత్తుకు పోతే దాని చేతిలో పుస్తకం కింద ఉన్నవాళ్లకు అంత అందదు. రెండు రాష్ట్రాల పాలకులూ ఈ సంగతి గ్రహించే ఎత్తు విషయంలో రాజీ పడలేదేమో.

రాజకీయ నాయకుడంటే ఏదో నోరుజారాడనుకోవచ్చు. 2023 ఆగస్టులో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి అధ్యక్షుడు వివేక్ దేవ్‌రాయ్ ఏకంగా వ్యాసమే రాశారు. రాతపూర్వక రాజ్యాంగాల సగటు ఆయుష్షు 17 ఏళ్లేనని ఒక అధ్యయనాన్ని ఉదహరించి, మనకూ కొత్తది కావాలన్నారు. మండలి వెంటనే, అది ఆయన సొంత అభిప్రాయం, మాకు సంబంధం లేదని చేతులు దులుపుకుంది. ఆ సగటులో ఏ దేశాలున్నాయో ఎవరూ అడగలేదు. పాకిస్తాన్ 1956లో ఒక రాజ్యాంగం, 1962లో ఇంకొకటి, 1973లో మరొకటి రాసుకుంది. మధ్యలో సైనికాధికారులు వచ్చి చించిన పేజీలు వేరే. ఇలాంటి లెక్కలన్నీ కలిపితే సగటు 17 కాక 70 వస్తుందా? పొరుగువాడి రాజ్యాంగం తొందరగా పోయిందని మనదాన్నీ పంపించేయాలనడం ఆర్థికశాస్త్రం ఎలా అయిందో ఆ శాస్త్రజ్ఞులే చెప్పాలి.

2024 ఎన్నికలకు ముందు కర్ణాటక ఎంపీ అనంత్‌కుమార్ హెగ్డే, 400 సీట్లు వస్తే రాజ్యాంగం మారుస్తామన్నారు. సొంత పార్టీయే ఆయనకు టికెట్టు నిరాకరించింది. అవతలి పక్షం ఎర్రట్ట రాజ్యాంగ పుస్తకం పట్టుకుని సభ సభలోనూ ఊపింది. ఒకరు విప్పకుండా మారుస్తామన్నారు, ఇంకొకరు విప్పకుండా కాపాడతామన్నారు. పుస్తకానికి మాత్రం గాలి బాగా తగిలింది.

కొత్తది కావాలనే వాళ్లందరిలో ఒక పోలిక ఉంది. ఏ అధికరణం వల్ల ఏ పని ఆగిందో ఒక్కరూ చెప్పరు. వైద్యుడు రోగిని చూడకుండానే తల మార్చాలంటే ఆ ఆస్పత్రికి ఎవరూ పోరు. ఇక్కడ మాత్రం చప్పట్లు కొడతారు.

న్యాయంగా మాట్లాడుకుంటే, వాళ్లు అడగదగిన ప్రశ్న ఒకటుంది. పాపం, వాళ్లకది తట్టలేదు కాబట్టి వాళ్ల తరఫున నేనే అడుగుతాను. ఇప్పుడున్న రాజ్యాంగాన్ని ప్రజలు ఎప్పుడు ఆమోదించారు? 1949 నవంబరు 26న ఆమోదించింది రాజ్యాంగ సభ. దాని మీద ప్రజల ఓటు పెట్టలేదు. ఆ సభకు ఎక్కువమంది సభ్యుల్ని పంపింది రాష్ట్రాల శాసనసభలు. ఆ శాసనసభలను ఎన్నుకున్నది ఆస్తో చదువో పన్ను రసీదో ఉన్న కొద్దిమంది. వయోజనులందరి ఓటుతో ఎన్నికైన సభే రాజ్యాంగం రాయాలని మౌలానా హస్రత్ మొహానీ ఆనాడే ఆ సభలోనే పట్టుబట్టారు. నిజాం గారి ఉదంతం ఇంకా రుచిగా ఉంటుంది. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఆయన ఇచ్చిన ఫర్మానాలో, ఇదంతా హైదరాబాదు ప్రజల ఆమోదానికి లోబడి అని ఒక షరతు ఉంది. ఆ ఆమోదం తెలపాల్సిన హైదరాబాదు రాజ్యాంగ సభ ఎన్నడూ కొలువుదీరలేదు. గద్దె మీద ఉన్నన్నాళ్లూ ప్రజల్ని ఒక్క మాట అడగని ఏలినవారికి, గద్దె పోయాక కాగితం మీద ప్రజలు గుర్తుకొచ్చారు.

ఈ ప్రశ్నకు జవాబు 1951–52లోనే వచ్చింది. 17 కోట్ల పైచిలుకు ఓటర్ల జాబితాతో, ఆస్తి చూడకుండా, చదువు చూడకుండా ఎన్నికలు జరిగాయి. రాజ్యాంగం వద్దనుకున్నవాళ్లకు దాన్ని మార్చే మెజారిటీ తెచ్చుకునే దారి ఆనాటి నుంచీ తెరిచే ఉంది.

ఇక, అడక్కుండా నిర్ణయాలు జరగడం గురించి ఆదోనికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1786లో టిప్పు సుల్తాన్ అప్పటి నిజాం చేతుల్లోంచి ఆదోనిని లాక్కున్నాడు. అది మళ్లీ నిజాం దగ్గరికి చేరాక, 1800లో నిజామే దాన్ని కుంపిణీ సైన్యానికి కట్టాల్సిన ఖర్చు కింద బళ్లారి, కడప ప్రాంతాలతో కలిపి ఇంగ్లీషువాడికి రాసిచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరాయి. ఆనాడు భాష చూశారు, చట్టం చేశారు, కొంత నయం. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. ఫిబ్రవరి 20కల్లా పార్లమెంటు ఉభయసభలూ దాన్ని ఆమోదించేశాయి. మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం చెప్పొచ్చు, పార్లమెంటు దాన్ని విననూ వచ్చు, విననక్కర్లేకపోనూ వచ్చు.

ఈ అధికరణం అన్యాయమని ఎవరైనా అంటే నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి వింటాను. అందులో వాదించదగిన సంగతి ఉంది. దాన్ని సవరించడానికి 368వ అధికరణం కూడా ఉంది. కానీ విచిత్రం చూడండి: ఏ మూడో అధికరణం మీద నడిచి తెలంగాణ వచ్చిందో, ఆ తెలంగాణకు తొలి ముఖ్యమంత్రి అయినాయనే ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ పుస్తకమే పనికిరాదన్నారు.

ఇప్పుడు ఎమ్మిగనూరు పోదాం. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. గ్రామాల్లో కుటీర పరిశ్రమలను సహకార పద్ధతిలో ప్రోత్సహించాలని రాజ్యాంగం 43వ అధికరణంలో రాసుకోవడానికి పన్నెండేళ్ల ముందే ఎమ్మిగనూరు ఆ పని మొదలుపెట్టింది. అలాంటి సంఘాలను బాగుచేస్తామంటూ 2011 డిసెంబరులో పార్లమెంటు 97వ సవరణ తెచ్చింది. పాలకవర్గానికి ఐదేళ్ల గడువు, గడువు తీరకముందే ఎన్నికలు, ఏటా ఆడిట్. ఎన్నికలు మానేసి త్రిసభ్య కమిటీలతో సహకార సంఘాలను నెట్టుకొచ్చే అలవాటున్న మనలాంటి రాష్ట్రానికి ఇది అవసరమైన మందే. మరి ఏమైంది? సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోని అంశం. అలాంటి సవరణకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తప్పనిసరి. ఆ ఆమోదం తీసుకోవడం మరచిపోయారు. 2021 జూలై 20న సుప్రీంకోర్టు రాష్ట్ర సహకార సంఘాలకు సంబంధించినంత వరకు ఆ సవరణతో చేర్చిన భాగాన్ని కొట్టేసింది. పదేళ్ల శ్రమ, ఒక్క షరతు చదవనందుకు చెత్తబుట్టలో పడింది.

మరి రాష్ట్రాల ఆమోదం తెచ్చుకోవడం అంత కష్టమా అంటే, జీఎస్టీని అడగండి. 2016 ఆగస్టు 8న లోక్‌సభ తుది ఆమోదం పొందిన ఆ బిల్లుకు సగానికి పైగా శాసనసభలు తలూపాయి, సెప్టెంబరు 8కల్లా రాష్ట్రపతి సంతకం కూడా పడింది. నేతగాడి నూలు మీద పన్ను వేసే సవరణకు నెల రోజులు చాలాయి. నేతగాడి సంఘానికి ఎన్నికలు పెట్టే సవరణకు ఆమోదం అడగాలన్న సంగతే గుర్తు లేదు. ఒక్క భాగానికి పద్ధతి ప్రకారం ఆమోదం తెచ్చుకోలేకపోయిన వ్యవస్థ, మొత్తం పుస్తకాన్ని కొత్తగా రాసి దేశం చేత ఆమోదింపజేస్తుందట! వినడానికి ధైర్యం కావాలి.

సరే, కాదనడమెందుకు? రాసేద్దాం. ఆదోని యార్డులో పత్తి బోరాల మీద కొత్త రాజ్యాంగ సభ కూర్చుందనుకోండి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు నుంచి సభ్యులొచ్చారు. సగం కుర్చీలు ఖాళీ. మిగతావాళ్లు యాడికి పోయినారని అడిగితే, సుగ్గికి పోయినారప్పా, గుంటూరులో మిరపకాయలు తెంపుతుంటారు, వాళ్ల సంతకాలు కూడా మేమే పెడతాం అన్నారు. సభ అయిదు అధికరణాలు ఆమోదించింది.

ఒకటి: తుంగభద్ర దిగువ కాలువ చివరి ఎకరా దాకా పారాలి. చివర ఉన్నవాడు కూడా పౌరుడే.

రెండు: యార్డులో తూకానికి తరుగు పేరు పెట్టి గింజ కూడా కోయరాదు.

మూడు: అమ్మానాన్న సుగ్గికి పోయినా బిడ్డ బడిలోనే ఉండాలి.

నాలుగు: పంచాయతీ ఖాతాలో పడిన డబ్బు సర్పంచును అడక్కుండా కదలరాదు.

ఐదు: ఒక ప్రాజెక్టుకు ఒక్కసారే శంకుస్థాపన చేయాలి.

సభకు రాతకోతలు చూసే గుమాస్తా పాత పుస్తకం తిరగేసి తల పట్టుకున్నాడు. మొదటిది కొత్తదేం కాదు. అంతర్రాష్ట్ర నదుల తగాదాలకు 262వ అధికరణం ఉంది. ఆదోనిని ఇటు కలిపిన 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కిందే తుంగభద్ర బోర్డు కూడా పుట్టింది. కాలువ దాదాపు 250 కిలోమీటర్లు కర్ణాటకలో పారి ఇటు అడుగుపెట్టేసరికి నీళ్లు ఎందుకు తగ్గుతాయో కనుక్కోవడానికి ఇంజనీరు కావాలి, కాపలావాడు కావాలి, అడిగే ఎమ్మెల్యే కావాలి. రెండోదానికి 1966 నాటి మార్కెట్ల చట్టం ఉంది. మూడోదాని సంగతి మరీ పాతది: పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని 1950లోనే 45వ అధికరణంలో రాశారు. 1960లో ఆ గడువు చడీచప్పుడు లేకుండా దాటిపోయింది. 2002లో 86వ సవరణతో దాదాపు అదే మాటను 21–ఏ అని హక్కు చేశారు. నాలుగోదాని కోసం 73వ సవరణ ఉంది, 29 అంశాల పదకొండో షెడ్యూలుంది, ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలన్న 243–ఐ ఉంది. అవన్నీ ఉండగానే మన రాష్ట్రంలో సర్పంచులు మా నిధులు మాకివ్వండని రోడ్డెక్కి భిక్షాటన చేశారు. ఐదోది మాత్రం పాత పుస్తకంలో లేదు. వేదవతి, గుండ్రేవుల ప్రాజెక్టుల పేర్లు ఇక్కడి రైతులు ఎన్నికలకోసారి వింటూనే ఉన్నారు. శంకుస్థాపన రాళ్ల విషయంలో అంబేడ్కర్ కూడా నిస్సహాయుడే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. చెప్పండి, రాజ్యాంగంలో ఏ అధికరణం తుప్పు పట్టి ఆ గొలుసు తెగింది? 19వ అధికరణమంటారా? అది మాట్లాడే స్వేచ్ఛ. దాన్ని మన పెద్దలు వాడినంతగా గేటుకు గ్రీజు వాడి ఉంటే అది ఇవాళ్టికీ ఉండేది.

కాగితం మీద రాసుకుంటే చాలనుకునేవాళ్లకు రాయలసీమ దగ్గర ఒక పాత రసీదుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని గాని హైకోర్టు గాని సీమకు రావాలి, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం దక్కాలి. రాజధాని కర్నూలులో మూడేళ్లుండి 1956లో హైదరాబాదు బస్సెక్కింది. నీళ్ల మాట ఏ చట్టంలోకీ ఎక్కలేదు. రాసినవాళ్లు పెద్దమనుషులే. నిలబెట్టాల్సిన చోట ఎవరూ నిలబడలేదు.

చట్టం అక్షరాల వల్లే జనం మారిపోతారనుకునేవాళ్లు దసరా రాత్రి హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ ఎక్కి చూడాలి. మాల మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవానికి ఏటా ఆంక్షలు పెడతారు, కర్రలు వద్దని ప్రచారం చేస్తారు, వందల మంది పోలీసులు దిగుతారు. ఏటా కర్రలు లేస్తాయి, ఏటా తలలు పగులుతాయి. తలలు పగిలింది నిషేధం సరిగా రాయనందుకేనని ఇంతవరకు ఏ నాయకుడూ అనలేదు. అంటే, హొళగుంద మండలంలో కుదరని తర్కం ఢిల్లీలో కుదురుతోంది.

ఇక రాయబోయే వాళ్ల సంగతి చూద్దాం. నాటి సభ రెండేళ్ల పదకొండు నెలల పైన కూర్చుంది. 7,635 సవరణలు వస్తే 2,473 సవరణలను సభలో పెట్టి చర్చించింది. ముసాయిదా కమిటీలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. సభలో దుర్గాబాయి, ఎన్.జి. రంగా, అనంతపురం నుంచి నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు కూర్చున్నారు. అభిప్రాయభేదం వస్తే లేచి వాదించారు, ఓడితే మళ్లీ కూర్చున్నారు. ఇప్పటి మన శాసనసభను చూడండి. 2017లో ప్రతిపక్ష నేత సభ వదిలి పాదయాత్రకు పోయారు. 2021లో ఇంకో ప్రతిపక్ష నేత, ముఖ్యమంత్రిగా తప్ప సభలో అడుగుపెట్టనని శపథం చేసి బయటికొచ్చారు. 2024 తర్వాత మొదటాయన, ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తానన్నారు. ఒక బడ్జెట్ సమావేశం పాటు ఒక గదిలో కూర్చోలేని పక్షాలు మూడేళ్లు కూర్చుని 395 అధికరణాలు రాస్తాయా? మొదటి రోజే కుర్చీ ఏ వరుసలో అన్న దగ్గర ప్రవేశిక ఆగిపోతుంది.

పద్ధతిగా చేసిన ప్రయత్నం గతి కూడా తెలుసుకోండి. 2000లో వాజ్‌పేయి ప్రభుత్వం జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన రాజ్యాంగం పనితీరు సమీక్షకు కమిషన్ వేసింది. మన జస్టిస్ జీవన్ రెడ్డి, జస్టిస్ పున్నయ్య అందులో సభ్యులు. 2002లో 249 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. కొత్త రాజ్యాంగం కోసం గొంతు చించుకునే వాళ్లలో ఆ నివేదికను ఒక్కసారి తెరిచినవారెందరో వాళ్ల అంతరాత్మకే తెలియాలి. దూరదేశం ముచ్చట కావాలంటే చిలీని చూడండి. 2022 సెప్టెంబరులో కొత్త రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకు పెడితే దాదాపు 62 శాతం వద్దన్నారు. ఇంకో పక్షం ఇంకోటి రాసి 2023 డిసెంబరులో పెడితే దాన్నీ తిప్పికొట్టారు. చివరికి పినోచెట్ అనే సైనిక నియంత కాలం నాటి 1980 రాజ్యాంగమే మిగిలింది. మొదటిది ఒక పక్షం తన పట్టుకొద్దీ రాసింది, రెండోది రెండో పక్షం తన పట్టుకొద్దీ రాసింది. జనం రెండింటినీ చదివి మరీ వద్దన్నారు.

పాత రాజ్యాంగం పూజారులకు కూడా రెండు మాటలు. నవంబరు 26న ఆఫీసుల్లో ప్రవేశిక చదివి, 27న జీవోలతో ఏలుకునేవాళ్లు కొత్తది అడిగేవాళ్లకు సొంత అన్నదమ్ములే. అది దేవుడి పటం కాదు, దండేసి పెట్టుకోవడానికి. 2023 నాటికే 106 సార్లు సవరించుకున్నాం. ఎమర్జెన్సీలో 42వ సవరణ దాన్ని కుళ్లబొడిస్తే, 44వ సవరణ చాలావరకు కట్టు కట్టింది. మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టుకోవద్దని 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక్క ఓటు తేడాతో గీత గీసింది. ఆ గీతకు ఇవతల చేయడానికి ఎంత పనుందో చెప్పడానికి పశ్చిమ కర్నూలు ఒక్కటి చాలు.

కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు ఓటరు మహాశయులకు ఒక విన్నపం. ఈసారి మీ ఊరి సభలో ఎవరైనా మైకు పట్టుకుని కొత్త రాజ్యాంగం అంటే చప్పట్లు కొట్టకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఏ అధికరణం వల్ల మా ఊరికి ఏ పని ఆగింది? దాన్ని సవరించమని మీరు సభలో ఎన్నిసార్లు లేచి అడిగారు? మీరు రాసే కొత్తదాన్ని మా ఓటుకు పెడతారా, లేక 1800లో లాగా మాకు చెప్పకుండానే రాసిచ్చేస్తారా? జవాబులొస్తే నిలబడి వినండి. రాకపోతే, 2024 మే 13న ఊరుగాని ఊరి నుంచి కిక్కిరిసిన బస్సెక్కి వచ్చి ఓటేసిన ప్రతి కూలీ ఈ పాత రాజ్యాంగాన్ని ఇంకోసారి ఆమోదించి పోయాడని ఆ నాయకుడికి చెప్పండి. అమలు చేయాల్సిన బాకీ మాత్రం ఆయనదే.